అమ్మాయికి సీఎస్‌ఈనా, ఐటీనా, ఏఐఎంఎల్‌నా? ఆప్షన్లకి మూడు రోజులే ఉంది

నరసన్నపేట_నెట్‌సెంటర్
పదిహేనేళ్లుగా నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఎంసెట్ అన్న రోజుల నుంచి ఈఏపీసెట్ అయ్యేదాకా మా చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకి ఇంజనీరింగ్ సీట్ల వెబ్ ఆప్షన్లు పెట్టింది నేనే. బ్రాంచ్ కోడ్లు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్), ఐఎన్‌ఎఫ్ (ఐటీ), సీఎస్‌ఎం (సీఎస్‌ఈలో ఏఐఎంఎల్), సీఎస్‌డీ, సీఏఐ, ఏఐడీ, ఏఐఎం, సీఐసీ... కోడ్లైతే వచ్చుగాని వాటి లోపల ఏముందో నాకు తెలీదు, ఎవరూ అడగలేదు కూడా. "ఏది మంచిదైతే అది పెట్టేయ్ బావూ" అనేవాళ్లు, పోయినేడు ఎక్కువమంది ఏది పెట్టారో అదే పెట్టేసేవాణ్ణి. ఇప్పుడు మా అమ్మాయి వంతొచ్చింది. రాత్రి పన్నెండుకి పేజీ తెరిచి కూర్చున్నాను, ఒక్క ఆప్షన్ కూడా సేవ్ చేయలేకపోయాను.

ర్యాంకు 23 వేల చిల్లర, బీసీ-డీ. పోయినేటి చివరి ర్యాంకులు చూస్తే మూడు దారులున్నాయి. ఒకటి, విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ క్యాంపస్‌లో ఐటీ, హాస్టల్‌లో ఉండాలి. రెండు, ఇంటి నుంచి కాలేజీ బస్సులో వెళ్లొచ్చేంత దూరంలో ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ-ఏఐఎంఎల్, అంటే ఏఐ, మెషీన్ లెర్నింగ్ కలిపిన సీఎస్‌ఈ. మూడు, విశాఖ వైపు ఇంకో ప్రైవేటు కాలేజీలో మామూలు సీఎస్‌ఈ, అక్కడ మా బావమరిది ఉన్నాడు. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) కూడా చూడమని స్కూల్ మాస్టారు ఒకాయన అన్నారు.

ఇంట్లో ముగ్గురిది మూడు మాటలు. ఐటీ అంటే సీఎస్‌ఈ కంటే ఒక మెట్టు తక్కువని బావమరిది, ఇంకో పదేళ్లు ఏఐ తప్ప ఏమీ ఉండదని ఎదురింటాయన, ఏది చదివినా రాత్రికి ఇంటికి రావాలని మా ఆవిడ. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది, అది పోను హాస్టల్, పుస్తకాలు కలిపి ఏడాదికి లక్ష దాటితే అప్పు చెయ్యాల్సిందే. లెక్కల్లో బాగుంటుంది. కోడింగ్ ఎప్పుడూ చేయలేదు, సెంటర్‌లో స్కానింగు, ప్రింట్లు మాత్రం నాకంటే వేగంగా చేస్తుంది.

ఉద్దానం_పనస
ఊరందరికీ ఆప్షన్లు పెట్టినవాడివి నువ్వే ఇలాగంటే ఏటి బావూ. 2015లో నాకు సివిల్ పెట్టింది నువ్వేనా అని డౌటొస్తోంది. అమరావతి కడుతున్నారు, సివిల్‌కి తిరుగుండదు అని చెప్పిన నెట్ సెంటరాయన కూడా నరసన్నపేటే.

నరసన్నపేట_నెట్‌సెంటర్
పేటలో అప్పటికి ఆరు సెంటర్లున్నాయి బాబూ. నేను కాకపోయి ఉండొచ్చు.

బెంచ్_మీద_బాబు
ఐటీ ఒక మెట్టు తక్కువన్నది ఎప్పటిదో మాట. ఏడేళ్లలో మూడు కంపెనీలు మారాను, ఒక్క ఇంటర్వ్యూలో కూడా నువ్వు సీఎస్‌ఈనా ఐటీనా అని అడగలేదు. క్యాంపస్‌కి వచ్చే పెద్ద సర్వీస్ కంపెనీలు చాలావరకు చూసేది టెన్త్‌లో 60 శాతం, ఇంటర్‌లో 60, బీటెక్‌లో 60, చేతిలో బ్యాక్‌లాగ్ లేకపోవడం. ఆ తర్వాత ఆప్టిట్యూడ్, ఇంగ్లిష్, రెండు కోడింగ్ ప్రశ్నలు. అంతే. నాకు లెక్కల మూడో పేపర్ ఎం-త్రీ ఒక్కటి ఉండిపోయి రెండు డ్రైవ్‌లు పోయాయి, బ్రాంచ్ వల్ల ఏదీ పోలేదు. కళ్లు మూసుకుని యూనివర్సిటీ క్యాంపస్ ఐటీ పెట్టండి.

టెక్కలి_తమ్ముడు
బాబన్నా, ఆ పేరు ఏంటన్నా, నిజంగానే బెంచ్ మీద ఉన్నావా?

బెంచ్_మీద_బాబు
చేతిలో ప్రాజెక్టు లేక రెండు నెలలైంది. జీతం వస్తోంది, నిద్ర రావట్లేదు.

పోస్టాఫీస్_పక్కిల్లు
ప్రైవేటుకైతే బాబు చెప్పింది నిజం, ఏ పేరైనా పరవాలేదు. సర్కారు కొలువు మీద ఆశ ఉంటే మాత్రం పేరు చూసుకోవాలండి. నోటిఫికేషన్లలో "కంప్యూటర్ సైన్స్ లేదా తత్సమానం" అని ఉంటుంది, ఆ తత్సమానం దగ్గరే తంటా అంతా. బ్యాంకుల స్పెషలిస్టు ఆఫీసర్లకి ఐబీపీఎస్ పెట్టే ఐటీ ఆఫీసర్ పోస్టుకి కంప్యూటర్ సైన్స్, కంప్యూటర్ అప్లికేషన్స్, ఐటీ, ఎలక్ట్రానిక్స్ ఇలా పేర్లు విడివిడిగా రాసి ఉంటాయి, కాబట్టి ఐటీకి గొడవ లేదు. ఏఐ అండ్ డేటా సైన్స్, ఐఓటీ అండ్ సైబర్ సెక్యూరిటీ అని కొత్త పేర్లతో డిగ్రీ తెచ్చుకున్నవాళ్లు సర్టిఫికెట్ వెరిఫికేషన్ దగ్గర, మాదీ కంప్యూటర్ సైన్సే అని నిరూపించుకోడానికి యూనివర్సిటీ నుంచి లెటర్లు మోసుకుని తిరగాల్సి రావొచ్చు. మా బంధువులబ్బాయి ఒకడు ఒక పోస్టుకి పరీక్ష పాసై ఆ కాగితం కోసం ఇరవై రోజులు తిరిగాడు. చివరికి వచ్చిందిగాని ఆ ఇరవై రోజులూ వాళ్లింట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

టెక్కలి_తమ్ముడు
డిగ్రీ మీద "సీఎస్‌ఈ (ఏఐ అండ్ ఎంఎల్)" అని ఉంటే ముందు సీఎస్‌ఈ ఉంటుంది కదా, దానికీ ఇబ్బందేనా?

పోస్టాఫీస్_పక్కిల్లు
అది చాలావరకు నయం. సీఎస్‌ఎం, సీఎస్‌డీ, సీఏఐ కోడ్లకి ముందు సీఎస్‌ఈ ఉంటుంది. ఏఐడీ, ఏఐఎం విడి బ్రాంచ్‌లు. చేరేముందే ప్రొవిజనల్ సర్టిఫికెట్ మీద ఏం రాస్తారో కాలేజీలో అడగండి.

నరసన్నపేట_నెట్‌సెంటర్
చూశారా, ఇన్నేళ్లూ సీఎస్‌ఎం, ఏఐఎం రెండూ ఒకటే అనుకుని పక్కపక్కన పెట్టేశాను. ఎంతమందికి పెట్టానో తలుచుకుంటే భయంగా ఉంది.

ల్యాబ్_మేడమ్
మన జిల్లాల్లోనే ఒక ప్రైవేటు కాలేజీలో పన్నెండేళ్లుగా సీఎస్‌ఈ చెబుతున్నాను. ఏ కాలేజీ అని అడగొద్దు, ఉద్యోగం కావాలి.

మొదటి ఏడాది అన్ని బ్రాంచ్‌లకీ ఇంచుమించు ఒకటే. లెక్కలు, ఫిజిక్సో కెమిస్ట్రీయో, సీ ప్రోగ్రామింగ్, ఇంగ్లిష్, వర్క్‌షాప్. సీఎస్‌ఈకీ ఐటీకీ తేడా మూడో ఏడాదిలో రెండు మూడు సబ్జెక్టుల దగ్గర వస్తుంది. డేటా స్ట్రక్చర్స్, డీబీఎంఎస్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, జావా, పైథాన్ రెండింట్లోనూ ఉంటాయి. తరచూ ఒకే మేడమ్ రెండు సెక్షన్లకీ అదే నోట్సుతో చెబుతుంది, నేనే ఉదాహరణ. ఏఐఎంఎల్‌లో కొన్ని పాత సబ్జెక్టులు పక్కకి జరిగి మెషీన్ లెర్నింగ్, డీప్ లెర్నింగ్, ఎన్‌ఎల్‌పీ (మనుషుల భాష కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చేయడం) వస్తాయి. వీటి కింద ఉండేది లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ. లెక్కలంటే పారిపోయే పిల్లలు ఆ పేరు చూసి చేరిపోయి రెండో ఏడాదిలో మాట్రిక్సుల దగ్గర బిక్కమొహం వేస్తారు. మీ అమ్మాయికి లెక్కలు బాగా వచ్చంటున్నారు కాబట్టి ఆ భయం లేదు.

నా భయం వేరే ఉంది. సబ్జెక్టు పేరు సిలబస్‌లో ఉంటుంది, చెప్పేవాళ్లు ఉంటారా? ఒక్కో కోర్సుకి 240 సీట్లు అని ఉన్న గరిష్ఠ పరిమితిని సాంకేతిక విద్యని చూసే కేంద్ర మండలి ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది, బాగా నడుస్తున్న కాలేజీలకి అని షరతులున్నాయి లెండి. దాంతో చాలాచోట్ల సివిల్, మెకానికల్ సెక్షన్లు తగ్గి కంప్యూటర్ సెక్షన్లు పెరిగాయి. సెక్షన్ పెంచడానికి ఒక ఉత్తర్వు చాలు, డీప్ లెర్నింగ్ చెప్పే మనిషిని తయారుచేయడానికి ఐదారేళ్లు పడుతుంది. మా దగ్గర పోయినేడు ఎంటెక్ ముగించిన అమ్మాయి ఈ ఏడాది జూన్‌లో చేరి జూలైలో ఎన్‌ఎల్‌పీ చెప్పింది. రాత్రి వీడియో చూసి పొద్దున పాఠం. ఆమె తప్పేం లేదు, తెలివైన పిల్లే.

కాబట్టి బ్రాంచ్ పేరు పక్కనపెట్టి ఒక లెక్క వేసుకోండి. ఏఐసీటీఈ ప్రకారం ఇరవై మంది విద్యార్థులకి ఒక అధ్యాపకుడు ఉండాలి. ఒక బ్రాంచ్‌లో 60 మంది సెక్షన్లు మూడుంటే నాలుగేళ్లకి కలిపి 720 మంది, అంటే 36 మంది చెప్పేవాళ్లు. కాలేజీ వెబ్‌సైట్‌లో మాండేటరీ డిస్‌క్లోజర్ అని ఒక పేజీ ఉంటుంది, అందులో అధ్యాపకుల జాబితా ఉంటుంది. పేర్లు లెక్కపెట్టండి, ఎప్పుడు చేరారో చూడండి. అందరూ ఇదే ఏడాది చేరి ఉంటే మీకే అర్థమవుతుంది.

ఇంకోటి, న్యాక్ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇచ్చేది. ఎన్‌బీఏ బ్రాంచ్ బ్రాంచ్‌కీ విడిగా ఇస్తారు. అదీ కనీసం రెండు బ్యాచ్‌లు బయటికి వెళ్లాకే అడగాలి. మన వైపు ఏఐ బ్రాంచ్‌లు ఎక్కువగా 2020 తర్వాత పెట్టినవి, వాటిల్లో చాలావాటికి ఇప్పుడిప్పుడే ఆ అర్హత వస్తోంది. గేటు మీద "ఎన్‌బీఏ గుర్తింపు పొందిన కాలేజీ" అన్న బోర్డు చూసి మీ అమ్మాయి చేరే బ్రాంచ్‌కి ఉందనుకోవద్దు. మెకానికల్‌కి ఉండొచ్చు.

ఉద్దానం_పనస
మెకానికల్‌కి గుర్తింపు ఉంది, పిల్లలు లేరు. ఏఐకి పిల్లలున్నారు, గుర్తింపు లేదు. బాగుంది.

నరసన్నపేట_నెట్‌సెంటర్
మేడమ్ చాలా థాంక్స్. ఇప్పుడే ఆ పేజీ తెరిచాను. రెండో కాలేజీలో ఏఐఎంఎల్‌కి 19 పేర్లున్నాయి, అందులో 11 మంది చేరింది ఏడాదిన్నర లోపే. ఇన్నాళ్లూ ఈ వెబ్‌సైట్లలో ఫీజు తప్ప ఏమీ చూడలేదు నేను.

టెక్కలి_తమ్ముడు
నేను ఏఐఎంఎల్ మూడో ఏడాది, కాబట్టి నా మాట కూడా వినండి. మేడమ్ చెప్పింది మా దగ్గర సగం నిజం. ఎంఎల్ చెప్పే సార్ అదిరిపోతారు, మిగతా రెండు సబ్జెక్టులు పీపీటీ చదివేస్తారు. మా క్లాసులో 66 మందిమి. సొంతంగా ఒక మోడల్‌కి డేటా తెచ్చి, శుభ్రం చేసి, నడిపించి, ఎందుకు తప్పు చెబుతోందో చూసినవాళ్లు పది మంది ఉంటారేమో. మిగిలినవాళ్ల ప్రాజెక్టులు నెట్‌లో దొరికినవే, ఇళ్ల ధరలు చెప్పడం, పువ్వులు గుర్తుపట్టడం. నేను జీడిపిక్కల ఫొటోలు తీసి గుల్ల, గట్టి విడదీసేది చేద్దామని మొదలుపెట్టాను. పలాసలో మా మావయ్య బట్టీకి వెళ్లి నాలుగు వందల ఫొటోలు తీశాను. మోడల్ 90 శాతం కరెక్ట్ అంటోంది, మా మావయ్య చేత్తో పట్టుకుని నూటికి నూరు చెబుతున్నాడు.

ఉద్దానం_పనస
మావయ్యని క్యాంపస్ ఇంటర్వ్యూకి పంపు తమ్ముడూ.

టెక్కలి_తమ్ముడు
నవ్వండి. కానీ ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు అదే అడిగారు, గుల్ల పిక్క ఫొటోలు తక్కువుంటే మోడల్ ఏం చేస్తుంది, వెలుతురు మారితే ఏమవుతుంది అని. వచ్చింది. పువ్వుల ప్రాజెక్టు వాళ్లని రెండు నిమిషాల్లో పంపేశారు.

చీపురుపల్లి_చిన్నోడు
ఇంత చర్చ అనవసరం. బ్రాంచ్ ఏదైనా ఒకటే, కాలేజీ ఏదైనా ఒకటే, కష్టపడేవాడికి ఎక్కడైనా వస్తుంది. మా ఫ్రెండ్ మెకానికల్ చదివి ఇప్పుడు 22 లక్షలు తీసుకుంటున్నాడు సాఫ్ట్‌వేర్‌లో.

ల్యాబ్_మేడమ్
ఆ ఒక్క ఫ్రెండ్ కథ ప్రతి ఊళ్లోనూ ఉంటుంది చిన్నోడూ. వాడితో చదివిన మిగతా యాభై తొమ్మిది మంది ఎక్కడున్నారో కూడా చెప్పు.

చీపురుపల్లి_చిన్నోడు
ఒకడు గరివిడిలో షాపు పెట్టాడు, ఇద్దరు సచివాలయం ఉద్యోగాలు, ఒకడు పైడిభీమవరం ఫార్మాలో. మిగతావాళ్ల సంగతి తెలీదు మేడమ్. సరే, ఒప్పుకున్నా.

ఈసీఈ_రాజాం
ఈసీఈ గురించి ఎవరూ చెప్పట్లేదు కాబట్టి చెబుతున్నా. 2014లో పాసయ్యాను, ఇప్పుడు బెంగళూరులో చిప్ వెరిఫికేషన్ చేస్తున్నాను. క్యాంపస్‌లో మా బ్రాంచ్ వాళ్లని సాఫ్ట్‌వేర్ కంపెనీలూ తీసుకుంటాయి, అందువల్ల ఈసీఈ చదివితే రెండు తలుపులు తెరిచి ఉన్నట్టే అంటారు. నిజమే కానీ చిప్‌ల వైపు తలుపు దానంతట అది తెరుచుకోదు. చిప్ డిజైన్‌కి వాడే భాషలు వెరిలాగ్, సిస్టమ్ వెరిలాగ్ మా కాలేజీలో పేరుకే ఉండేవి. బెంగళూరొచ్చి ఒక శిక్షణ సంస్థలో లక్షకి పైగా కట్టి ఎనిమిది నెలలు కూర్చున్నాను, మా నాన్న రెండు ఎకరాలు తాకట్టు పెట్టారు. ఉద్యోగం గ్యారంటీ అని రాసిచ్చినవాళ్లు చివర్లో ఫోన్ ఎత్తలేదు. నా అంతట నేనే వెతుక్కున్నాను. ఇప్పుడు చిప్‌ల మీద కేంద్రం దృష్టి పెట్టింది, 2021 చివర్లో 76 వేల కోట్లతో సెమీకండక్టర్ కార్యక్రమం పెట్టారు, కాబట్టి నా రోజుల కంటే నయం. ఇష్టం ఉంటేనే రండి. సిగ్నల్స్, ఎలక్ట్రోమాగ్నెటిక్స్ చదివి విసిగిపోయి చివరికి జావా నేర్చుకునేదానికి నాలుగేళ్లు ఈసీఈ ఎందుకు?

ఐసెట్_అక్క
నాది ఇంకో దారి. శ్రీకాకుళంలో బీఎస్సీ కంప్యూటర్స్ చదివి ఐసెట్ రాసి ఎంసీఏ చేశాను. అప్పుడు మూడేళ్లు, 2020-21 నుంచి ఎంసీఏ రెండేళ్లే చేశారు. ఇంట్లో ఇంజనీరింగ్ ఫీజు కట్టే స్తోమత లేక వెళ్లాను, బీఎస్సీనా అని చుట్టాలంతా జాలిపడ్డారు. ఇప్పుడు విశాఖలో డేటాబేస్ పని, ఆ చుట్టాల పిల్లలకి రెజ్యూమేలు దిద్దుతున్నాను. అయితే దాచకుండా చెప్పాలంటే మొదటి ఉద్యోగం దొరకడానికి బీటెక్ వాళ్ల కంటే ఏడాదిన్నర ఎక్కువ పట్టింది, కొన్ని డ్రైవ్‌లకి బీటెక్ మాత్రమే అని గేటు దగ్గరే ఆపేశారు. రీయింబర్స్‌మెంట్ వస్తోంది, ర్యాంకు ఉంది కాబట్టి మీ అమ్మాయిని బీటెక్‌కే పంపండి.

డల్లాస్‌లో_బొబ్బిలి
ఏదైనా ఒకటి చదివించి ఎంఎస్‌కి పంపేయండి, ఇక్కడికొచ్చాక బ్రాంచ్ ఎవడూ అడగడు.

బెంచ్_మీద_బాబు
ఆ మాట 2015లో చెప్పు బ్రదర్. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ వర్క్ వీసా దరఖాస్తుకి లక్ష డాలర్లు కట్టమన్నారు మీ దగ్గరే. ఏడాదికి లక్ష దాటితే అప్పు అంటున్న మనిషికి నలభై లక్షల దారి చూపిస్తున్నావు.

డల్లాస్‌లో_బొబ్బిలి
నిజమే, నేను 2016లో వచ్చాను. ఇప్పుడు మా రూమ్మేట్ తమ్ముడు వచ్చి ఏడాది నుంచి వెతుకుతున్నాడు. ఆ పోస్టు వెనక్కి తీసుకుంటున్నాను.

చీపురుపల్లి_చిన్నోడు
అమెరికా ఎందుకు, అమెరికానే విశాఖకి వస్తోంది. 2025 అక్టోబరులో గూగుల్ 15 బిలియన్ డాలర్లు ప్రకటించింది కదా. మా ఎదురింటోళ్లు అప్పుడే పిల్లాడికి గూగుల్‌లో ఉద్యోగం వచ్చినట్టు మాట్లాడుతున్నారు.

ఈసీఈ_రాజాం
అది డేటా సెంటర్ల పెట్టుబడి, సముద్రం కింద కేబుళ్లు కూడా ఉన్నాయి అందులో. డేటా సెంటర్ అంటే వేల మంది కూర్చుని కోడింగ్ చేసే ఆఫీసు కాదు. కరెంటు సబ్‌స్టేషన్, యూపీఎస్‌లు, జనరేటర్లు, కూలింగ్ యంత్రాలు, ఫైబర్, సర్వర్లు మార్చేవాళ్లు. అందులో మీ ఎదురింటి పిల్లాడి కంటే ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్), మెకానికల్ వాళ్లకి ముందు పని దొరుకుతుంది. కట్టేటప్పుడు సివిల్‌కి కూడా.

ఉద్దానం_పనస
సివిల్ అన్నారు! పదేళ్లకి నా బ్రాంచ్ పేరు ఎవరో మంచిగా పలికారు. స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

బెంచ్_మీద_బాబు
ఒక మాట చెప్పి వెళ్తాను, భయపెట్టడానికి కాదు. ఫ్రెషర్‌కి మొదటి ఏడాది ఇచ్చే పనులు, చిన్న చిన్న బగ్గులు, టెస్ట్ కేసులు రాయడం, పాత కోడ్‌కి కామెంట్లు పెట్టడం, మా టీమ్‌లో వాటిల్లో సగం ఇప్పుడు ఏఐ టూల్ చేస్తోంది. పదిమంది టీమ్‌ని ఏడుగురు చేశారు. ఆ ముగ్గురిలో నేనొకణ్ణి. మిగిలిన ఏడుగురూ ఏఐఎంఎల్ చదివినవాళ్లు కాదు. ఒకాయన ట్రిపుల్‌ఈ, ఒకమ్మాయి ఐటీ. వాళ్లు ఎందుకు మిగిలారంటే టూల్ రాసిచ్చిన కోడ్‌లో తప్పెక్కడుందో పట్టుకోగలరు, క్లయింట్‌తో తొణక్కుండా మాట్లాడగలరు. నేను టూల్ ఇచ్చింది అలాగే అతికించేవాణ్ణి. ఫ్రెషర్ ప్యాకేజీ మూడు నాలుగు లక్షల దగ్గర ఏళ్ల తరబడి అక్కడే ఉంది, నేను చేరినప్పుడూ అంతే. హైదరాబాద్‌లో పీజీ అద్దె మాత్రం ఆగలేదు.

ల్యాబ్_మేడమ్
బాబూ, డేటా స్ట్రక్చర్స్ మళ్లీ మొదటి నుంచి చదువు. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ వాళ్ల వీడియోలు ఉచితమే. సిగ్గుపడకు, మా స్టాఫ్‌రూమ్‌లో సగం మంది అక్కడే నేర్చుకున్నాం.

బెంచ్_మీద_బాబు
మొదలుపెట్టాను మేడమ్. లింక్డ్ లిస్ట్ దగ్గర ఉన్నాను. పదేళ్ల క్రితం కూడా అక్కడే ఆగిపోయాను.

పోస్టాఫీస్_పక్కిల్లు
ఏఐ మీద మోజుంటే బీటెక్ పేరులోనే అది ఉండాలని లేదు. మద్రాస్ ఐఐటీ 2020 నుంచి డేటా సైన్స్‌లో ఆన్‌లైన్ డిగ్రీ ఇస్తోంది. జేఈఈ అక్కర్లేదు, వాళ్ల క్వాలిఫయర్ ఒకటి పాసవ్వాలి, పరీక్షలు మాత్రం సెంటర్‌కి వెళ్లి రాయాలి. ఆదాయం తక్కువున్నవాళ్లకి ఫీజు రాయితీ ఉంది. రెండూ కలిపి చదివేవాళ్లు ఉన్నారు. గేట్‌లో కూడా 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి డీఏ అని విడి పేపర్ పెట్టారు, ఏ బ్రాంచ్ వాళ్లైనా రాయొచ్చు.

ల్యాబ్_మేడమ్
రెండూ కలిపి చదవడం చెప్పినంత తేలిక కాదు. మొదటి ఏడాది వద్దు. హాస్టల్‌కి, కొత్త ఊరికి, ఇంగ్లిష్ మీడియం లెక్చర్లకి అలవాటు పడ్డాక ఆలోచించుకోవచ్చు. నా దగ్గర ఇద్దరు అలా చేరారు, ఒకమ్మాయి నడిపిస్తోంది, ఒకబ్బాయి రెండిట్లోనూ బ్యాక్‌లాగులు తెచ్చుకున్నాడు.

నరసన్నపేట_నెట్‌సెంటర్
నాన్న భోజనానికి వెళ్లారు. ఇది ఆయన లాగిన్, నేను కూతుర్ని. సిస్టమ్ తెరిచే ఉంది, మొత్తం చదివేశాను. నాలుగు రోజులుగా ఇంట్లో నా గురించే మాట్లాడుతున్నారు, నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు. ఇక్కడ కూడా అడగలేదు, చూసుకోండి.

నాకు ప్రాబబిలిటీ అంటే ఇష్టం. ఇంటర్‌లో అందరూ దాన్ని వదిలేసి మిగతావి చదివేవాళ్లు, నేను దాంతోనే మొదలుపెట్టేదాన్ని. ఏఐఎంఎల్ అంటే మోజేమీ లేదు, అందులో ప్రాబబిలిటీ ఉందని ఇప్పుడే తెలిసింది. ఈసీఈ వద్దు, ఫిజిక్స్‌లో కరెంటు చాప్టర్ నాకు ఏడుపు తెప్పించింది. హాస్టల్‌లో ఉండాలని ఉంది. అది అమ్మకి చెప్పలేదు. కాలేజీ బస్సంటే పొద్దున ఏడింటికి ఎక్కి సాయంత్రం ఆరింటికి దిగాలి, దిగాక సెంటర్‌లో కూర్చోవాలి, ఎందుకంటే నాన్నకి ఆ టైమ్‌లోనే జనం ఎక్కువ. చదివేదెప్పుడు? మామయ్య వాళ్లింట్లో ఉండటం హాస్టల్ కంటే కష్టం, కారణాలు ఇక్కడ రాయను.

ఒక డౌట్. ఐటీలో చేరితే తర్వాత ఎంఎల్ వైపు వెళ్లడం కుదురుతుందా, దారి మూసుకుపోతుందా? ఇంకోటి, ల్యాప్‌టాప్ మొదటి ఏడాదిలోనే కొనాలా?

ఐసెట్_అక్క
చెల్లీ, బంగారం. ఈ థ్రెడ్‌లో మొదటి పోస్టు నువ్వు పెట్టాల్సింది.

ల్యాబ్_మేడమ్
మూసుకుపోదమ్మా. ఐటీలో ఎంఎల్ ఒక సబ్జెక్టుగా ఎలాగూ వస్తుంది, మిగతావి ఎలక్టివ్‌లుగా తీసుకోవచ్చు. మార్కులు బాగుంటే ఆనర్స్ అని అదనపు క్రెడిట్లు కూడా ఉంటాయి, ఏ విభాగాల్లో ఇస్తున్నారో క్యాంపస్‌లో కనుక్కో. పునాది సబ్జెక్టులు గట్టిగా వస్తే ఎంఎల్ ఆరునెలల్లో అందుకోవచ్చు. తిరగేసి చేయడం కష్టం. ఈ సెలవుల్లో పైథాన్ మొదలుపెట్టు, మీ నాన్న సెంటర్‌లో ఉన్న పాత సిస్టమ్ చాలు. పాచికలు వేసి లక్షసార్లు లెక్కపెట్టే ప్రోగ్రామ్ రాయి, నీ ప్రాబబిలిటీ కళ్లముందు కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ రెండో ఏడాది కొనుక్కో, గ్రాఫిక్స్ కార్డు అవీ అని ఎవరైనా అంటే వినకు. పెద్ద మోడళ్లకి ఆన్‌లైన్‌లో గూగుల్ కోల్యాబ్ కొంతవరకు ఉచితంగానే దొరుకుతుంది.

టెక్కలి_తమ్ముడు
మేడమ్ చెప్పింది కరెక్ట్. నేను లక్ష పోసి గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నాను, ఎంఎల్ పేరు చెప్పి. అందులో ఎంఎల్ కంటే గేములే ఎక్కువ నడిచాయి.

ఈసీఈ_రాజాం
కరెంటు చాప్టర్‌కి ఏడ్చావంటే ఈసీఈకి రాకపోవడమే మంచిది తల్లీ. మేం నాలుగేళ్లు ఏడ్చాం.

నరసన్నపేట_నెట్‌సెంటర్
నేనే, నాన్నని. భోజనం చేసి వచ్చేసరికి ఇది చూశాను. ఆరింటికి సెంటర్‌లో కూర్చోబెట్టడం గురించి నాకు తట్టనే లేదు, సరదాకి చేస్తోంది అనుకున్నాను. వాళ్లమ్మకి ఈ థ్రెడ్ చదివి వినిపించాను, హాస్టల్ దగ్గర ఆపి మళ్లీ చదవమంది. ఏమీ అనలేదు. రాత్రి వంట ఆలస్యమైంది.

చీపురుపల్లి_చిన్నోడు
బావూ, మధ్యలో నాదొక చిన్న డౌట్. మా తమ్ముడికి కూడా ఆప్షన్లు పెట్టాలి. పది పెడితే చాలంటున్నారు, ఎక్కువ పెడితే కిందిది వచ్చేస్తుందంట, నిజమా?

నరసన్నపేట_నెట్‌సెంటర్
ఇది నాకు తెలిసిన సబ్జెక్టు. నిజం కాదు. మిషన్ పైనుంచి కిందికి చూస్తుంది, మీ ర్యాంకుకి దొరికిన మొదటిది ఇచ్చి ఆగిపోతుంది. కిందెన్ని పెట్టినా పైదానికి నష్టం లేదు. తక్కువ పెడితేనే అసలు ఏమీ రాకుండా పోయే ప్రమాదం. వచ్చేదేదో అని ఊహించి కాదు, కావలసిన వరుసలో పెట్టాలి. వచ్చినా చేరను అనుకున్న కాలేజీ మాత్రం జాబితాలో ఉండకూడదు. రెండో విడతలో మళ్లీ పెట్టి కొత్త సీటు వస్తే మొదటిది దానంతట అదే పోతుంది, తర్వాత ఏడ్చి లాభం లేదు. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దు. కాలేజీ వాళ్లు ఇంటికొచ్చి మేమే పెట్టేస్తాం అంటారు, ఓటీపీ అడుగుతారు. మా వీధిలో ఒక పిల్లాడికి అలాగే వాళ్ల కాలేజీలోని నాలుగు బ్రాంచ్‌లే పెట్టి ఫ్రీజ్ చేసేశారు.

చీపురుపల్లి_చిన్నోడు
మిషన్ పైనుంచి చూస్తుందని ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. వచ్చి పెట్టించుకుంటాను, ఎంత తీసుకుంటావు?

నరసన్నపేట_నెట్‌సెంటర్
వంద. ప్రింటు అదనం.

నరసన్నపేట_నెట్‌సెంటర్
పెట్టేశాం. మౌస్ దానికే ఇచ్చాను. మొదటిది విజయనగరం క్యాంపస్ సీఎస్‌ఈ, రాదని తెలుసు, ఉండనీ అంది. రెండోది అదే క్యాంపస్ ఐటీ. మూడోది విశాఖ వైపు సీఎస్‌ఈ, అక్కడ కూడా హాస్టలే, మామయ్య ఇల్లు కాదు. ఆ తర్వాత ఇంటి దగ్గరి కాలేజీ సీఎస్‌ఎం, దాని కింద ఇంకో పద్నాలుగు. మా ఆవిడ వెనక నిలబడి హాస్టల్ నుంచి శనివారం బస్సు ఉంటుందా అని మాత్రం అడిగింది. కాంప్లెక్స్ నుంచి ఉంటుందని చెప్పాను.

బెంచ్_మీద_బాబు
అలాట్‌మెంట్ వచ్చాక చెప్పండి. నాకు ఒక ఇంటర్నల్ ప్రాజెక్టులో ఇంటర్వ్యూ పడింది, లింక్డ్ లిస్ట్ తిప్పమన్నారు, తిప్పేశాను.

నరసన్నపేట_నెట్‌సెంటర్
ఇవాళ వచ్చింది. క్యాంపస్ ఐటీ. సెల్ఫ్ రిపోర్టింగ్ అదే చేసుకుంది, ప్రింటు తీసుకుని వంద రూపాయలు టేబుల్ మీద పెట్టి నవ్వింది. సోమవారం విజయనగరం వెళ్లి రిపోర్ట్ చేయాలి. పాచికల ప్రోగ్రామ్ రాసింది మేడమ్, సెంటర్‌కి వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది. ఇక ఆరింటికి స్కానర్ దగ్గర ఎవర్ని కూర్చోబెట్టాలో తెలీట్లేదు.

ఉద్దానం_పనస
సివిల్ ఇంజనీర్‌ని, ఖాళీగానే ఉన్నాను. ఎంతిస్తావు బావూ?